కేరో నో హి: పెద్దల కోసం జపాన్ ఇచ్చే సెలవు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరు దగ్గర పడుతుంటే జపాన్‌లో ఉంటున్న మనవాళ్లు ఈ పండగ గురించి అడగడం మొదలుపెడతారు. పక్కింటి పెద్దావిడకు ఏమివ్వాలి, ఆఫీసు ఉంటుందా, మన షష్టిపూర్తి లాంటిదేనా, ఇలా. ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి రెండు ముక్కలు చాలాయి, కొన్నిటి దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది.

కేరో నో హి అంటే ఏమిటి?

'కేరో' అంటే పెద్దలను గౌరవించడం, 'హి' అంటే రోజు. చట్టంలో ఈ సెలవు గురించి ఉన్నది ఒక్క వాక్యమే. ఏళ్ల తరబడి సమాజం కోసం పాటుపడిన పెద్దలను ప్రేమతో గౌరవించడం, వారి దీర్ఘాయువుకు సంబరం చేసుకోవడం అని దాని సారాంశం. ఇందులో జాలి లేదు. పెద్దలు చేసినదాన్ని గుర్తించడం ఉంది, వాళ్లు ఇంకా మన మధ్య ఉన్నందుకు సంతోషం ఉంది.

ఎప్పుడు వస్తుంది? తేదీ ఏటా ఎందుకు మారుతోంది?

సెప్టెంబరు మూడో సోమవారం. 2025లో 15న వచ్చింది, 2026లో 21న, 2027లో 20న వస్తుంది. 2002 దాకా ఏ వారమైనా సరే సెప్టెంబరు 15నే జరిగేది. ఉద్యోగులకు శని, ఆది, సోమ వరుసగా మూడు రోజులు కలిసిరావాలని కొన్ని సెలవులను సోమవారానికి జరిపారు. దాన్నే 'హ్యాపీ మండే' పద్ధతి అంటారు. ఈ పండగ 2003లో అందులోకి వెళ్లింది.

పాత తేదీ పోకూడదని చాలామంది పెద్దలు పట్టుబట్టారు. అందుకే సెప్టెంబరు 15ను 'వృద్ధుల దినం'గా, అక్కడి నుంచి 21 వరకు వృద్ధుల వారంగా చట్టంలో ఉంచారు. సెలవు ఒక రోజు, అసలు తేదీ మరో రోజు అయింది. నాకు మాత్రం ఆ పెద్దల మాటే సబబనిపిస్తుంది. ఆ తేదీ ఎలా వచ్చిందో తెలిస్తే మీకూ అలాగే అనిపించవచ్చు.

2026లో ఐదు రోజులు సెలవట, నిజమేనా?

నిజమే. 21వ తేదీ సోమవారం ఈ పండగ, 23 బుధవారం శరద్విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) సెలవు. రెండు సెలవుల మధ్య ఒకే ఒక్క పనిదినం చిక్కుకుంటే అదీ సెలవైపోతుందని అక్కడి చట్టం. శని, ఆదివారాలతో కలిపి ఐదు రోజులు. దీన్ని 'సిల్వర్ వీక్' అంటారు. ఇంతకుముందు 2009లో, 2015లో ఇలా కలిసొచ్చింది. ఊరికి వెళ్లాలనుకుంటే రైలు టికెట్లు ముందే తీసుకోండి.

ఇది ఎవరి ఆలోచన?

ఒక చిన్న పల్లెటూరిది. హ్యోగో రాష్ట్రంలో నోమాదాని అనే ఊరు. 1947లో, అంటే యుద్ధం ముగిసిన రెండేళ్లకు, ఆ ఊరి పెద్ద కదోవాకి మసావో పెద్దల కోసం ఒక సభ పెట్టించాడు. అప్పటి పరిస్థితి కాస్త ఊహించుకోండి. కొడుకులను యుద్ధానికి పంపిన తల్లిదండ్రులు ఊరినిండా ఉన్నారు. చాలామంది కొడుకులు తిరిగి రాలేదు. తిండికి కరువు, మనసుకు ఊరట లేదు. ఆ తల్లిదండ్రులకు ఊరు తన వంతుగా ఏదైనా చేయాలన్నది ఆయన తపన.

సెప్టెంబరు 15ను ఎంచుకోవడంలో రైతు లెక్క ఉంది. అప్పటికి ఎండలు తగ్గుతాయి, చలి ఇంకా మొదలవదు. వరి కోతలకు ముందు చేతికి కాస్త తీరిక దొరుకుతుంది. పెద్దవాళ్లు ఇంట్లోంచి కదిలి వచ్చి కూర్చోవడానికి అనువైన కాలం. 55 ఏళ్లు దాటిన వాళ్లందరినీ పిలిచారు. అవును, 55. అప్పుడది పెద్ద వయసే.

ఆ సభకు ఆయన పెట్టుకున్న ఆశయం ఇది: పెద్దలను బాగా చూసుకుందాం, వాళ్ల తెలివిని అప్పు తెచ్చుకుని ఊరిని బాగు చేసుకుందాం. ఈ పండగ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ 'అప్పు' అన్న మాట. జపనీస్‌లో తెలివిని అడిగి తీసుకోవడానికి అరువు తెచ్చుకోవడమనే అంటారు. ఉన్నవాడి దగ్గరకే కదా అప్పుకు వెళ్తాం! పెద్దవాళ్లకు పెట్టే రోజుగా కాకుండా, వాళ్ల దగ్గర పుచ్చుకునే రోజుగా ఇది మొదలైంది.

1948లో జాతీయ సెలవుల చట్టం వచ్చినప్పుడు పిల్లలకు ఒక రోజు దక్కింది, ఇరవైలో అడుగుపెట్టే యువతకు ఒక రోజు దక్కింది, పెద్దలకు మాత్రం దక్కలేదు. కదోవాకి ఊరుకోలేదు, చుట్టుపక్కల ఊళ్లనూ రాష్ట్రాన్నీ కదిలించాడు. 1950లో హ్యోగో రాష్ట్రమంతా, 1951 నుంచి దేశమంతా ఈ రోజును పాటించసాగింది. జాతీయ సెలవు కావడానికి మాత్రం 1966 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన నిండు జీవితం గడిపి 2010లో కన్నుమూశాడు.

వెయ్యేళ్ల నాటి ఆచారమని ఎక్కడో చదివాను?

అలాంటి కథలు రెండున్నాయి. ఒసాకాలోని షితెన్నోజి గుడి దగ్గర షోతోకు యువరాజు దిక్కులేని వారికి ఆశ్రయం కట్టించిన రోజు ఇదేనని ఒకటి. 717లో గెన్షో మహారాణి ఒక జలపాతాన్ని చూసి, ఆ నీటి మహిమకు మురిసి, శకం పేరునే 'యోరో' అని మార్చిన సందర్భమని రెండోది. యోరో అంటే పెద్దలను పోషించడం. గిఫు రాష్ట్రంలో ఆ జలపాతం ఇప్పటికీ అదే పేరుతో ఉంది. కథలు అందమైనవే. ఈ సెలవు పుట్టింది మాత్రం నోమాదానిలోనే.

పేరు అన్నిసార్లు ఎందుకు మారింది?

మొదట 'తోషియోరి నో హి' అన్నారు, అంటే వయసు మీద పడినవారి రోజు. ఆ మాట మొరటుగా ఉందన్నారు. 1964లో 'రోజిన్ నో హి' అని మార్చారు, అంటే వృద్ధుల దినం. అదీ మనసుకు ఎక్కలేదు. 1966లో 'కేరో' అన్నాక వయసు పక్కకు జరిగి గౌరవం ముందుకు వచ్చింది. మనకూ ఈ తేడా తెలుసు. 'ముసలాళ్లు' అంటే ఒకలా వినబడుతుంది, 'వృద్ధులు' అంటే ఆఫీసు కాగితంలా ఉంటుంది, 'పెద్దవాళ్లు' అనగానే గొంతు దానంతటదే తగ్గుతుంది.

మాట విషయంలో జపాన్ పెద్దలు ఊరుకోరు. 70 దాటిన డ్రైవర్లు కారుకు అంటించే గుర్తు 1997లో నారింజ, పసుపు రంగుల ఆకులా ఉండేది. రాలిపోయే ఆకులా ఉందని గోల చేశారు. 2011లో దాన్ని నాలుగు రేకుల క్లోవర్ ఆకుగా మార్చారు. 2008లో 75 దాటినవారికి వేరే వైద్య బీమా తెచ్చినప్పుడు 'వయోవృద్ధుల చివరి దశ' అనిపించే పేరు పెట్టారు. జనం మండిపడ్డారు. ప్రభుత్వం హడావుడిగా 'దీర్ఘాయు వైద్యం' అని మారుపేరు వెతుక్కుంది. మతిమరుపు జబ్బుకు అంతకుముందున్న పేరులో 'మందబుద్ధి' అన్న అర్థం ఉండేది, 2004లో దాన్నీ తీసేశారు.

ఎన్నేళ్లు నిండితే ఈ పండగ వర్తిస్తుంది?

చట్టంలో వయసు రాయలేదు. ప్రభుత్వ లెక్కల్లో 65 దాటితే వృద్ధులు. ఊళ్లలో జరిగే సభలకు ఎక్కువగా 75 దాటినవారిని పిలుస్తారు, కొన్నిచోట్ల ఇంకా పెంచారు. 2017లో అక్కడి వృద్ధాప్య వైద్య సంఘాలు 75 నుంచి మాత్రమే వృద్ధులనాలని సూచించాయి. 1947 నాటి 55 ఎక్కడ, ఈ 75 ఎక్కడ!

2025 సెప్టెంబరు లెక్క ప్రకారం 65 దాటినవారు 3 కోట్ల 61 లక్షల 90 వేల మంది, అంటే జనాభాలో 29.4 శాతం. ఈ అంకెను ఏటా ఈ పండగకు ముందే ప్రకటిస్తారు.

ఆ రోజు ఇళ్లలో ఏం చేస్తారు?

పెద్ద తంతు ఏమీ ఉండదు. మనవలు వస్తారు లేదా ఫోను చేస్తారు. కలిసి భోంచేస్తారు. ఎర్ర అలసందల లాంటి గింజలతో వండిన 'సెకిహాన్' అన్నం, తీపి పదార్థాలు, పువ్వులు ఉంటాయి. పువ్వుల్లో రిందోది మొదటి స్థానం, ముదురు నీలం ఊదా కలిసిన రంగు. ఇవాతె రాష్ట్రం నుంచి ఎక్కువగా వస్తుంది.

పిల్లలు ఇచ్చే కానుక ఒకటుంది, 'కతాతతాకి కెన్'. భుజాలు తట్టే టికెట్టు అన్నమాట. పిల్లలు కాగితాన్ని చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ఒక్కోదాని మీద వంకర అక్షరాలతో 'ఒకసారి భుజాలు తడతాను' అని రాసి, రంగులేసి, పుస్తకంలా కుట్టి ఇస్తారు. తాతయ్యకు భుజాలు పట్టేసినప్పుడు ఒక టికెట్టు చింపి మనవడి చేతిలో పెడతాడు. వాడు వెనక నిలబడి రెండు పిడికిళ్లతో టపటపా తడతాడు. డబ్బు ఖర్చు లేదు. చాలామంది తాతలు ఆ టికెట్లను వాడకుండా సొరుగులో దాచుకుంటారు.

ఊళ్లలో, పేటల్లో ఏం జరుగుతుంది?

పేట సంఘాలు 'కేరోకై' అనే సభ పెడతాయి. బడి పిల్లల పాటలు, డాన్సులు, తర్వాత భోజనం డబ్బాలు, తెలుపు ఎరుపు రంగుల మంజు మిఠాయిలు. రాలేని వారి ఇళ్లకు ఎవరో ఒకరు డబ్బా తీసుకెళ్లి ఇచ్చి వస్తారు. నా దృష్టిలో సభ కన్నా ఆ గుమ్మం దగ్గరి పలకరింపే పెద్దది. కొన్ని పురపాలక సంఘాలు 77, 88, 99 లాంటి వయసులకు కొంత డబ్బు ఇస్తాయి. పెద్దల సంఖ్య పెరగడంతో చాలాచోట్ల దాన్ని తగ్గిస్తున్నారు.

వందేళ్లు నిండితే ప్రధాని వెండి గిన్నె ఇస్తారటగా?

'సకజుకి' అని, సాకే తాగే వెడల్పాటి చిన్న పాత్ర. దాంతోపాటు ప్రధానమంత్రి అభినందన పత్రం వస్తుంది. 1963లో మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తం మీద వందేళ్లు దాటినవారు 153 మందే. అందరికీ అచ్చమైన వెండి పాత్ర ఇవ్వడం అప్పుడు కష్టం కాలేదు. 1981లో వెయ్యి దాటారు, 1998లో పది వేలు దాటారు. 2025లో 99,763 మంది. అందులో 88 శాతం ఆడవాళ్లే. పాత్ర సైజు తగ్గించారు, 2016 నుంచి వెండి పూతతో సరిపెట్టారు. దీన్ని పిసినారితనం అనలేం. ఖజానా తట్టుకోలేనంత మంది వందేళ్లు బతుకుతున్నారంటే అంతకన్నా శుభవార్త ఏముంటుంది?

60, 77, 88 ఏళ్లకు ఎందుకంత ప్రత్యేకత? మన షష్టిపూర్తికీ దీనికీ పోలిక ఉందా?

చాలా ఉంది. జపాన్‌లో 60 నిండితే 'కన్‌రెకి', అంటే కాలెండరు తిరిగి మొదటికి రావడం. వాళ్ల పాత లెక్కలో పన్నెండు జంతువుల పేర్లు, ఐదు మూలకాలకు రెండేసి చొప్పున పది పేర్లు జతకడుతూ 60 ఏళ్లకు ఒక చుట్టు పూర్తవుతుంది. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా 60. లెక్క వేరు, మొత్తం ఒకటే. పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ వచ్చిందంటే మళ్లీ పుట్టినట్టేనని ఇద్దరమూ అనుకున్నాం. మా తాతగారి షష్టిపూర్తికి జల్లెడలోంచి కలశం నీళ్లు పోసి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, మామ్మ మెడలో మళ్లీ పుస్తె కట్టించారు. జపాన్‌లో ఎర్రటి చేతుల్లేని కోటు, ఎర్ర టోపీ తొడుగుతారు. పసిబిడ్డల రంగు ఎరుపు, చెడును ఆపే రంగు కూడా అదే.

ఆ తర్వాతవి ఎక్కువగా అక్షరాలతో ఆట. 88 ఏళ్లకు 'బెయిజు', బియ్యం పుట్టినరోజు అందాం. బియ్యానికి వాళ్లు రాసే అక్షరాన్ని విడదీసి చూడండి. పైన రెండు చిన్న గీతలు, వాటిని తలకిందులు చేస్తే ఎనిమిది. మధ్యలో ప్లస్ గుర్తులాంటిది, అది పది. కింద రెండు వైపులా జారే గీతలు, అది మళ్లీ ఎనిమిది. ఎనిమిది, పది, ఎనిమిది కలిపి చదివితే వాళ్ల భాషలో ఎనభై ఎనిమిది. వరి గింజ కంచంలోకి రావడానికి 88 పనులు పడతాయని అక్కడి రైతుల సామెత కూడా ఉంది. వరి పండించే ఊళ్లలో పుట్టిన మనకు ఇది వేరే చెప్పాలా!

99కి 'హకుజు', తెలుపు పుట్టినరోజు. 'వంద' అనే అక్షరంలో పైనున్న అడ్డగీత 'ఒకటి'. అది తీసేస్తే మిగిలేది 'తెలుపు'. వందలో ఒకటి తక్కువ. 77కి 'కిజు', సంతోషం అనే అక్షరాన్ని గొలుసుకట్టుగా రాస్తే డెబ్భై ఏడులా కనబడుతుంది కాబట్టి. 70కి 'కోకి' అంటారు, డెబ్భై దాకా బతకడం అరుదని పాత చైనా కవి ఒకరు అన్న మాట మీద. ఇప్పుడు అక్కడ 70 అరుదేమీ కాదు, పేరు మాత్రం మిగిలింది.

పెద్దవాళ్లకు 'సిల్వర్' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? తెల్ల జుట్టు వల్లనా?

అందరూ అలాగే అనుకుంటారు. అసలు కారణం రైలు సీటు. 1973 సెప్టెంబరు 15న, సరిగ్గా ఈ పండగ రోజునే, టోక్యో చూఓ లైను రైళ్లలో పెద్దలకు, వికలాంగులకు సీట్లు కేటాయించారు. అవి విడిగా కనబడాలి కదా, బులెట్ రైళ్ల సీట్లకు వాడే బూడిద వెండి రంగు గుడ్డ ఉంటే అదే వేశారు. 'సిల్వర్ సీటు' అని పేరు పెట్టారు. ఆ మాట రైలు దిగి దేశమంతా తిరిగింది. పెద్దలకు పని చూపించే 'సిల్వర్ జిన్‌జాయి సెంటర్లు' కూడా అలా వచ్చినవే.

అంటే అక్కడ పెద్దవాళ్లు ఇంకా పని చేస్తారా?

చేస్తారు. 2024లో 65 దాటినవారిలో 93 లక్షల మంది పనిలో ఉన్నారు, నలుగురిలో ఒకరు. సైకిల్ స్టాండు చూసుకోవడం, తోటలో కొమ్మలు కత్తిరించడం, తలుపులకు షోజి కాగితం అతికించడం లాంటివి సిల్వర్ సెంటర్లు ఇప్పిస్తాయి. కొందరు ఇష్టంతో చేస్తారు, కొందరు పింఛను చాలక చేస్తారు. రెండూ నిజాలే.

ముసలివాళ్లను కొండ మీద వదిలేసేవారన్న కథ జపాన్‌దేనా?

అవును. నాగానో రాష్ట్రంలో ఒబాసుతె అనే కొండ ఉంది, ఆ పేరుకు అర్థమే అది. అయితే జనం చెప్పుకునే కథ అక్కడితో ఆగదు. ముసలివాళ్లను వదిలేయాలని ప్రభువు ఆజ్ఞ. ఒక కొడుకు తల్లిని వీపున మోసుకెళ్తాడు. మనసొప్పక వెనక్కి తెచ్చి ఇంట్లో దాస్తాడు. కొన్నాళ్లకు పొరుగు రాజు సవాలు పంపుతాడు, బూడిదతో తాడు పేని చూపించమని. ఎవరి వల్లా కాదు. దాక్కున్న తల్లి కొడుకుతో చెబుతుంది: గడ్డి తాడును ఉప్పు నీళ్లలో నానబెట్టు, పలక మీద చుట్టగా పెట్టి కాల్చు, కదపకు. తాడు కాలి బూడిదవుతుంది కానీ మెలికలు చెదరవు. ప్రభువు సంగతి తెలుసుకుని ఆజ్ఞ రద్దు చేస్తాడు. కథ పుట్టి ఎన్ని వందల ఏళ్లయిందో కానీ, నోమాదాని సభ ఆశయం ఇందులోనే ఉంది.

ఇంత గౌరవం ఉన్న దేశంలో ఒంటరి చావులెందుకు?

ఈ ప్రశ్న తప్పించుకోకూడనిది. 2024లో జపాన్‌లో ఇంట్లో ఒంటరిగా చనిపోయినవారు 76,020 మంది అని పోలీసుల లెక్క, అందులో 58,044 మంది 65 దాటినవారు. 2010లో ఇంకా కలిచివేసే సంగతి బయటపడింది. టోక్యోలో 111 ఏళ్లున్నాయని అభినందించడానికి అధికారులు వెళ్తే, ఆ పెద్దాయన సుమారు ముప్పై ఏళ్ల కిందటే చనిపోయి ఉన్నాడు. తర్వాత దేశమంతా కుటుంబ రిజిస్టర్లు తిరగేస్తే వందేళ్లు దాటి, కాగితం మీద బతికే ఉండి, చిరునామా లేని పేర్లు 2,34,354 తేలాయి. ఎక్కువ భాగం యుద్ధకాలంలో చనిపోయి, వలసపోయి, నమోదు కాని పేర్లు.

కారణాలు దాచేవి కావు. పిల్లలు నగరాలకు వెళ్లారు, కుటుంబాలు చిన్నవయ్యాయి, ఆయుష్షు పెరిగింది. ప్రభుత్వం 2000లో సంరక్షణ బీమా తెచ్చింది. 40 దాటిన ప్రతివారూ దానికి డబ్బు కడతారు. 2024లో ఒంటరితనం మీద చట్టం కూడా అమల్లోకి వచ్చింది. పల్లెల్లో తల్లిదండ్రులను ఉంచి హైదరాబాదుకో అమెరికాకో వచ్చేసిన మనం దీన్ని పరాయి దేశం కష్టంగా చదవలేం.

పక్కింటి పెద్దావిడకు ఏమివ్వాలి? ఏమని పలకరించాలి?

ముందు ఒక జాగ్రత్త. మనం తెలియని పెద్దావిడనైనా 'మామ్మగారూ' అంటే ఆవిడ మురిసిపోతుంది. అక్కడ 'ఒబాసాన్' (మామ్మ) అని పిలిస్తే చిన్నబుచ్చుకోవచ్చు. ఇంటి పేరుకు 'సాన్' చేర్చి పిలవండి. 60ల్లో ఉన్నవారికి ఈ రోజు శుభాకాంక్షలు చెబితే, నేనప్పుడే ముసలిదాన్నయ్యానా అనుకునే వీలుంది. మనవలు ఉన్నవారు, 75 దాటినవారు అయితే నిస్సంకోచంగా చెప్పొచ్చు. 'ఇత్సుమాదెమో ఒగెంకి దె' అనండి, ఎప్పటికీ ఆరోగ్యంగా ఉండండని అర్థం.

మిఠాయిలు కొంటే నాలుగు వద్దు, తొమ్మిది వద్దు. నాలుగు ఉచ్చారణ చావును, తొమ్మిది ఉచ్చారణ బాధను గుర్తుచేస్తాయి. ఆస్పత్రిలో ఉన్నవారికి కుండీ మొక్క ఇవ్వకండి, మంచానికి వేళ్లూనినట్టని అపశకునం. మన ఇంట్లో చేసిన సున్నుండలు రెండో మూడో ఇస్తే బాగుంటుంది. దాంతోపాటు ఆవిడను ఏదైనా ఒకటి నేర్పమని అడగండి. ఉమెబోషి (ఉప్పులో ఊరే పుల్లటి ఉమె పండ్లు) ఊరబెట్టడమో, మిసో సూపు చేయడమో.

అమ్మానాన్న ఆ సమయంలో మా దగ్గర ఉంటే ఎక్కడికి తీసుకెళ్లాలి?

టోక్యోలో అయితే సుగామో. యామనోతె లైనులో దిగి నడిచిపోవచ్చు. జిజో దోరి అనే బజారు వీధి, పెద్దవాళ్ల కోసమే ఉన్నట్టుంటుంది. అక్షరాలు పెద్దవి, నడక నిదానం, ఉప్పు కలిపిన బీన్స్ మిఠాయి, ఆరోగ్యానికి మంచిదని కొనే ఎర్రటి లోదుస్తులు. వీధిలో కోగన్‌జి గుడి ఉంది. ఏటా ఈ పండగకు పెద్దలు వరుసల్లో నిలబడి చెక్క డంబెల్స్‌తో వ్యాయామం చేసేది ఇక్కడే.

గుడి ఆవరణలో కన్నోన్ అనే కరుణ చూపే బౌద్ధ దేవత రాతి విగ్రహం ఉంది. తమకు ఎక్కడ నొప్పో విగ్రహానికి అక్కడే నీళ్లు పోసి తుడుస్తారు. మోకాళ్ల నొప్పి అయితే మోకాలు, కళ్లు మసకబారితే కళ్లు. పూర్వం బ్రష్‌లతో తోమేవారు, ముఖమే అరిగిపోయింది. 1992లో కొత్త విగ్రహం పెట్టి, బ్రష్‌ల బదులు తెల్ల గుడ్డ వాడమన్నారు. క్యూలో నిలబడితే అమ్మకు ఎక్కడ నొప్పిగా ఉందో ఆవిడ చెప్పకుండానే మీకు తెలుస్తుంది.

మన దేశంలో ఇలాంటి సెలవు ఉందా?

జాతీయ సెలవు లేదు. ఐక్యరాజ్యసమితి 1990లో ప్రకటించిన అక్టోబరు 1ని మన దగ్గరా పాటిస్తారు. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. చూడని పిల్లల మీద తల్లిదండ్రులు ఆ చట్టం కింద ఫిర్యాదు చేసి భరణం కోరవచ్చు.

నోమాదాని ఊరు చూడొచ్చా?

ఆ పేరుతో ఊరు ఇప్పుడు మ్యాపులో లేదు. వేరే ఊళ్లతో కలుస్తూ వచ్చి, 2005 నుంచి తాకా పట్టణంలో భాగమైంది. అక్కడ రైలు స్టేషను లేదు, నిషివాకి నుంచి బస్సులో వెళ్లాలి. తాకా తనను మూడింటికి పుట్టిల్లు అని చెప్పుకుంటుంది: చేత్తో చేసే సుగిహారా కాగితం, సాకేకు పేరెన్నికగన్న యమదా నిషికి వరి, కేరో నో హి. సెప్టెంబరు మధ్యలో వెళ్తే వరి చేలు పసుపు తిరుగుతూ ఉంటాయి, కోత ఇంకా మొదలై ఉండదు. కదోవాకి ఎంచుకున్న తీరిక వేళ అదే.